పులసకు దారి ఏదీ?

జూలై వస్తే గోదావరికి ఎర్రనీరు తగులుతుంది. ఎర్రనీటి వెనకే పులస వస్తుంది. యానాం నుంచి ధవళేశ్వరం దాకా రేవుల్లో ఇది తరతరాల లెక్క. కాని కొన్నేళ్ళుగా ఎర్రనీరు వస్తున్నది గాని, పులస మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటంతగానే వస్తున్నది. రాత్రంతా వల వేసి, తెల్లవారి ఖాళీ పడవతో ఒడ్డు చేరే మత్స్యకారుణ్ణి అడిగితే ఈ సంగతి ఒక్క ముక్కలో చెబుతాడు: "నీళ్ళున్నాయి బాబూ, చేప లేదు".

పత్రికల్లో మాత్రం పులస వార్తలకు లోటు లేదు. ఫలానా రేవులో ఒక్క చేప ఇరవై వేల రూపాయలు దాటి పలికింది, ఫలానా ఆసామి వేలంలో పాడుకున్నాడు, ఫలానా పెద్దమనిషి ఇంటికి కానుకగా వెళ్ళింది - ఇవీ వార్తలు. "పుస్తెలమ్మయినా పులస తినాలి" అన్న సామెతను ఏటా ఒకసారి అచ్చువేయడంతో సరి. పుస్తెలమ్మినా దొరకని రోజు ఎందుకొచ్చిందని అడిగేవారు తక్కువ. ధర ఆకాశానికి ఎక్కడం గోదావరి జిల్లాల గొప్పకు గుర్తు కాదు. చేప తరిగిపోతున్నదనడానికి అదే రుజువు.

ఇది రైతు సమస్యల శీర్షిక కదా, ఇందులో చేప గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. ఏటిని నమ్ముకుని బతికేవాళ్ళలో నాగలి పట్టినవాడూ వున్నాడు, వల పట్టినవాడూ వున్నాడు. పులస దారిని మూస్తున్న కారణాలే డెల్టా రైతు పొలం మీదికి కూడా వస్తున్నాయి. అందుకే ఈ మాట ఇక్కడే చెప్పదలిచాం.

ముందు ఆ చేప బతుకు ఎలాంటిదో చూద్దాం. సముద్రంలో వున్నంతకాలం దాని పేరు విలస. బెంగాలీలు ఇలిష్ అంటారు, మిగతా దేశం హిల్సా అంటుంది. పెరిగేది ఉప్పునీటిలో, గుడ్లు పెట్టేది మంచినీటిలో. వానాకాలంలో ఏటికి కొత్తనీరు వచ్చి సముద్రంలో కలిసే చోట నీటి రుచి మారగానే, విలస గుంపులు గుంపులుగా ఏటిముఖాల దగ్గరకు చేరుతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి, యానాం వైపు గౌతమిలోకి ఎక్కుతుంది. ప్రవాహానికి ఎదురీదుతూ, ఒంట్లో వున్న కొవ్వు కరిగించుకుంటూ పైకి వస్తుంది. అలా వచ్చిందే పులస. ఒక్కొక్క ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు కొన్ని నెలలు ఏటిలోనూ, ఉప్పునీరూ మంచినీరూ కలిసే మొగల్లోనూ పెరిగి సముద్రానికి దిగిపోతాయి. మళ్ళీ పెద్దవై, గుడ్లు పెట్టడానికి ఏరెక్కుతాయి.

అంటే ఈ చేపకు రెండు ఇళ్ళున్నాయి. రెండిళ్ళ మధ్య దారి తెరిచి వుండాలి. ఆ దారిలో తగినంత నీరుండాలి. గుడ్లు పెట్టే చోట నీరు శుభ్రంగా వుండాలి. తిరుగు ప్రయాణంలో పిల్లలు వలల్లో పడకుండా సముద్రం చేరాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా పులస లేదు. ఈనాడు గోదావరిలో నాలుగూ తప్పుతున్నాయి.

దారి సంగతి చూద్దాం. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ కట్టే గోదావరి డెల్టాకు అన్నం పెట్టింది. దానిని తప్పుపట్టే తెలుగువాడు వుండడు, మేమూ పట్టడం లేదు. అయితే ఆనకట్టలు ఏరెక్కే చేపల దారి మూస్తున్నాయన్న హెచ్చరిక కూడా ఈనాటిది కాదు. మద్రాసు సర్కారులో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే, దేశంలోని మంచినీటి చేపలమీద 1873లో ఇచ్చిన నివేదికలోనే ఆ మాట వుంది. తెల్లదొరలు నీటి తీరువా లెక్కలు చూసుకున్నారు గాని చేప లెక్క చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చాక పాత ఆనకట్ట స్థానంలో 1970లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టి 1982లో పూర్తిచేశారు. దానికి 175 గేట్లు. పాత కట్టమీదుగా వరదనీరు పొర్లిపోయేది. ఇప్పుడు గేటు ఎత్తితేనే నీరు, ఎత్తకపోతే లేదు. గేటు కొద్దిగా ఎత్తి వదిలితే నీరు కిందినుంచి ఉరవడిగా దూసుకొస్తుంది, దానికి ఎదురీదడం ఎంత బలమైన చేపకైనా కష్టం. గేట్లు పూర్తిగా లేచి, ఎగువ దిగువ నీటిమట్టాలు దగ్గరపడిన రోజుల్లోనే చేపకు దారి దొరుకుతుంది. అంతవరకూ బ్యారేజీ కింద చేరిన చేపకు అదే చివరి మజిలీ. గుడ్లు కడుపులో వుండగానే వలకు చిక్కుతుంది. తినేవాళ్ళు మెచ్చుకునేది ఆ జనను, అంటే రేపటి పులసలనే.

ఆపైన పోలవరం వుంది. అక్కడ స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి నిచ్చెన కట్టారు. మంచిదే. కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధనా సంస్థ సలహా తీసుకుని కట్టారు, ఇంకా మంచిది. కాని పోలవరం మెట్లు ఎక్కాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి గదా! మేడమీద తలుపు తీసి వీధి తలుపుకు గడియ పెట్టినట్టుంది వ్యవహారం.

ఇది గోదావరికే వచ్చిన కష్టం కాదు. కావేరిమీద మేట్టూరు డ్యాము 1934లో కట్టారు. తర్వాత ఆ ఏటిలో హిల్సా పేరుకు మాత్రమే మిగిలింది. గంగమీద ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయడం మొదలయింది. అంతకుముందు హిల్సా బక్సరు దాటి అలహాబాదు దాకా ఎక్కేది, అక్కడి జాలర్ల ఇళ్ళలో దాని రాబడితో పొయ్యి వెలిగేది. బ్యారేజీ వచ్చాక ఆ రాబడి దాదాపు అడుగంటింది. మూడో పేరు గోదావరిది కాకూడదంటే ఇప్పుడే మేలుకోవాలి.

ఇక నీటి సంగతి. మన ఏలినవారి నోట, పార్టీ ఏదైనా, ఒక మాట ఊతపదంగా మారింది: "ఏటా మూడు వేల టీఎంసీల గోదావరి నీరు వృథాగా సముద్రం పాలవుతున్నది". ఈ "వృథా" అన్న మాటను కాస్త నిలబెట్టి అడగాలి. ఎవరికి వృథా? ఆ నీటి రుచి తగిలితేనే విలస ఏటివైపు తిరుగుతుంది. ఆ నీటితో వచ్చే ఒండ్రుతోనే కోనసీమ నేల తయారయింది. ఆ నీరు తోస్తేనే సముద్రపు ఉప్పు వెనక్కి తగ్గుతుంది. కోరింగ మడ అడవులకు ఆ నీరే ఆధారం, ఆ మడ అడవులే తుపాను వేళ తీరగ్రామాలకు అడ్డుగోడ. వేసవిలో బ్యారేజీ దిగువన ఏరు ఇసుక మేటగా మారినప్పుడు ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది, బావులకు చప్పనీరు కరువవుతుంది, కొబ్బరి కాపు దెబ్బతింటుంది. ఈ నష్టం చేపకు మాత్రమేనా? కాదు, రైతుది కూడా.

ఒండ్రు సంగతీ అంతే. గోదావరిమీదా ఉపనదులమీదా కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు నిలిచిపోతున్నది. సముద్రం చేరే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే సగానికి మించి తగ్గిపోయిందనీ, డెల్టా అంచు కోతకు గురవుతున్నదనీ విశాఖపట్నం శాస్త్రజ్ఞులు 2004లోనే ప్రకటించారు. ఒకపక్క తీరం కోసుకుపోతున్నది. ఇంకొకపక్క ప్రవాహం చాలక ఏటి మొగల్లో, మురుగు కాల్వల మొగల్లో ఇసుక మేటవేస్తున్నది. మొగ పూడితే చేప లోపలికి రాదు, పొలంలో నిలిచిన నీరు బయటకు పోదు. 2011లో కోనసీమ రైతాంగం పంట విరామం ప్రకటించి దేశమంతా తమవైపు చూసేలా చేసింది. గిట్టుబాటు ధర ఆనాటి మొదటి కోర్కె. 2022లో మళ్ళీ పంట విరామం మాట వచ్చినప్పుడు పూడిన మురుగు కాల్వలు ప్రధాన ఫిర్యాదుగా నిలిచాయి. మొగల పూడిక తీయమని రైతు అడుగుతున్నాడు, మత్స్యకారుడూ అడుగుతున్నాడు. ఒకే కోర్కెను రెండు గొంతులు విడివిడిగా అడుగుతుంటే సర్కారుకు ఏదీ వినిపించడం లేదు.

వరదనీటిని మళ్ళించే పథకాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పట్టిసీమ ఎత్తిపోతల 2015లో మొదలయింది, దాని లక్ష్యం ఏటా 80 టీఎంసీలు. 2024 చివర పోలవరం నుంచి బనకచర్లకు 200 టీఎంసీల మళ్ళింపు ప్రకటించారు. 2025 జూన్‌లో కేంద్ర నిపుణుల సంఘం ఆ ప్రతిపాదనను తిప్పిపంపింది. సీమ రైతుకు నీరు ఇవ్వవద్దని మేమనడం లేదు. కరువు సీమ దాహం నిజం. 2022 జూలైలోలాగా ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు పొంగినప్పుడు కొన్ని వేల క్యూసెక్కులు తోడినంత మాత్రాన ఏటికి వచ్చే లోటేమీ వుండదు. లోటు వచ్చేది తొలి ఎర్రనీటి దగ్గర. వానలు వెనకపట్టిన ఏడాది జూలైలో వచ్చే ఆ కాస్త కొత్తనీటిని కూడా కట్ట వెనక నిలిపి, కాల్వలకూ పంపులకూ పంచేస్తే సముద్రంలోని చేపకు ఏటి కబురు అందదు. కబురు అందని చేప రాదు. ఏ పథకం ఏ రూపంలో వచ్చినా, దిగువ ఏటికి ఏ నెలలో ఎంత నీరు వదులుతారో ముందుగా కాగితంమీద పెట్టాలి. తాగునీటి వాటా, సాగునీటి వాటా, కర్మాగారాల వాటా రాసినట్టే ఏటి వాటా కూడా రాయాలి.

మూడోది నీటి శుభ్రత. రాజమండ్రి మురుగు, కర్మాగారాలు వదిలే నీరు, రొయ్యల చెరువుల మందునీరు, పొలాలనుంచి దిగే పురుగుమందు - ఇవన్నీ చేరేది గుడ్లు పెట్టే నీటిలోకే. పురుగుమందు విషయంలో రైతు సోదరులు కూడా ఆలోచించాలి. డీలరు చెప్పినంత కొట్టడంవల్ల పెట్టుబడి పెరుగుతున్నది, మురుగు కాల్వలో చేప చస్తున్నది, లాభపడేది కంపెనీ ఒక్కటే.

నాలుగోది వలల సంగతి. ఇక్కడ అధికారులకు తప్పు చూపించడం సులువు. "మత్స్యకారులే పిల్లచేపల్ని పట్టేస్తున్నారు" అంటారు. సన్నకన్ను వలల్లో పిల్ల పులసలు పడుతున్నమాట నిజమే. కాని ఎవరి వలలో ఎంత పడుతున్నది? సముద్రంమీద పెద్ద మరపడవలు ఏటిముఖాలకు దగ్గరగా వచ్చి, ఏరెక్కబోయే గుంపుల్ని గుంపులుగానే ఎత్తుకుపోతుంటే, ఏట్లో చిన్న నావమీద వల వేసేవాడికి మిగిలేది ఎంత? పైగా ఆ వలకూ, ఆ నావకూ పెట్టుబడి సావుకారు బాకీ. పట్టిన చేప ఆ సావుకారు చేతికే పోవాలి. వేలంలో పలికిన ధర పేపరుకెక్కుతుంది, పట్టినవాడి చేతికి వచ్చినదెంతో ఎక్కదు. ఏట్లో పులస తగ్గేకొద్దీ ఒరిస్సా, బెంగాలు తీరాలనుంచి మంచులో వచ్చిన విలసే రోడ్డుపక్కన పులస పేరున అమ్ముడవుతున్నది. దళారికి ఏ చేపయినా ఒకటే. నష్టపోయేది కొనేవాడూ, అసలు పులస పట్టినవాడూ.

సముద్రంలో వేటకు విరామం వుంది కదా అనవచ్చు. వుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. అది మత్స్యకారులు పోరాడి సాధించుకున్నదే. అయితే తేదీలు చూడండి. విలస గుంపులు ఏటిముఖాల దగ్గర చేరడానికి కాస్త ముందే నిషేధం ముగుస్తుంది. పడవలన్నీ ఒక్కసారిగా సముద్రంమీదికి దిగే రోజులూ, పులస ఏరెక్కే రోజులూ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మిగతా చేపలకు పనికొచ్చే విరామం పులసకు అక్కరకు రావడం లేదు.

ఇరుగుపొరుగు దేశాలను చూసి నేర్చుకోదగింది వుంది. బంగ్లాదేశ్‌లో ఈ చేపను కాపాడే పని 2000 తొలి సంవత్సరాల్లో గట్టిగా మొదలయింది. గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట పూర్తిగా నిలిపివేస్తారు. నవంబరునుంచి జూన్ వరకు పిల్లచేపను పట్టడం నిషేధం. ఏట్లో కొన్ని భాగాలను చేపకే వదిలేశారు. వేట మానిన కుటుంబాలకు బియ్యం ఇచ్చారు. రెండు లక్షల టన్నుల దగ్గర వున్న దిగుబడి రెండు దశాబ్దాల్లో అయిదున్నర లక్షల టన్నులు దాటింది. ఇచ్చే బియ్యం చాలడం లేదని అక్కడి జాలర్లు మొదటినుంచీ మొత్తుకుంటున్నారు, అదీ న్యాయమే. 2023-24లో దిగుబడి మళ్ళీ తగ్గింది, ఏటిమొగల పూడికే ఒక ముఖ్య కారణమని అక్కడి నిపుణులు చెబుతున్నారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. జాలరి కడుపు చూస్తే చేప తిరిగి వస్తుంది. ఏటి ఆరోగ్యం చూడకపోతే వచ్చింది కూడా నిలవదు.

ఇంకొక పాఠం అమెరికానుంచి వుంది. అలవాట్లలో మన పులసను పోలిన సాల్మన్ అనే చేప అక్కడి ఏళ్ళలో ఎక్కుతుంది. ఆరెగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల మధ్య పారే క్లామత్ ఏటిమీద విద్యుత్తు కోసం కట్టిన నాలుగు ఆనకట్టలు వందేళ్ళపాటు దాని దారి మూశాయి. ఏటి ఒడ్డునే పుట్టి, ఆ చేపనే తిని బతికిన యురోక్, కరుక్ వంటి ఆదివాసీ తెగలు నోటికాడ కూడు పోయి అలమటించాయి. 2001లో కరువు వచ్చినప్పుడు చేపకోసమని రైతుల కాల్వలు కట్టేశారు, రైతులు రోడ్డెక్కారు. 2002లో రైతులకు నీరు వదిలారు, సెప్టెంబరులో వేలకు వేలు సాల్మన్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. సర్కారు ఒక ఏడాది వీళ్ళ నోట, ఒక ఏడాది వాళ్ళ నోట మట్టికొట్టి, ఇద్దరినీ ఒకరిమీద ఒకరిని నిలబెట్టింది. ఆదివాసులు మాత్రం పట్టు వదల్లేదు. పాతికేళ్ళకు దగ్గరగా పోరాడారు. చివరకు ఆ నాలుగు విద్యుత్ ఆనకట్టలనూ తీసివేశారు, 2024లో పని పూర్తయింది. ఆ ఏడాది అక్టోబరులోనే సాల్మన్ వందేళ్ళుగా చూడని చోటికి ఎక్కి వెళ్ళింది.

ఆ ఏరు వేరు, మన ఏరు వేరు. అక్కడ తీసింది కరెంటు కట్టలు. మన ధవళేశ్వరం పది లక్షల ఎకరాలకు నీరిచ్చే కట్ట. దాన్ని తీసేయమనే వెర్రివాడెవరూ లేడు. ఆ కథలో మనం గుర్తుపెట్టుకోవలసింది రెండు సంగతులు. దారి ఇస్తే చేప తిరిగి వస్తుంది, వందేళ్ళ తర్వాతయినా వస్తుంది. రెండోది, రైతుకూ జాలరికీ మధ్య తగవు పెట్టి తప్పించుకోవడం పాలకులకు అన్నిచోట్లా అలవాటే. ఆ ఉచ్చులో మనం పడకూడదు.

అందుచేత ప్రభుత్వం ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం.

జూలైనుంచి సెప్టెంబరు వరకు బ్యారేజీ గేట్ల నిర్వహణలో మత్స్యశాఖకూ మాట వుండాలి. తొలి ఎర్రనీటిని కొంతయినా దిగువకు వదలాలి. అన్ని గేట్లూ అరకొరగా ఎత్తేకన్నా కొన్నిటినయినా పూర్తిగా ఎత్తి చేపకు దారి ఇచ్చే పద్ధతిని ఇంజనీర్లూ శాస్త్రజ్ఞులూ కూర్చుని తేల్చాలి. వేసవిలో దిగువ ఏటికి కనీస ప్రవాహాన్ని నిర్ణయించి అమలు చేయాలి.

పులస ఏరెక్కే కాలంలో ఏటిముఖాల చుట్టూ మరపడవలను దూరంగా వుంచాలి. గుడ్లు పెట్టే కొన్ని రోజులు ఏట్లో కూడా వేట ఆపవలసివస్తే, ఆపిన ప్రతి కుటుంబానికీ, చేపలమ్ముకుని బతికే ఆడవాళ్ళతో సహా, భృతి ముందుగా చేతికి ఇచ్చి తర్వాతే ఆపమనాలి. కడుపు మాడ్చి చేపను కాపాడమంటే ఎవరూ కాపాడలేరు. సన్నకన్ను వలలను అరికట్టాలంటే పేదవాడి వల కాల్చడం పద్ధతి కాదు. తయారుచేసి అమ్మేవాణ్ణి పట్టుకోవాలి, పాత వల తీసుకుని కొత్త వల ఇవ్వాలి.

ఏటి మొగల, మురుగు కాల్వల మొగల పూడిక ఏటా వానలకు ముందే తీయాలి. ఏట్లోకి మురుగు వదిలేవారిమీద, ఎంతటి పెద్దవారయినా, చర్య తీసుకోవాలి. మత్స్యకార సహకార సంఘాలకు తక్కువ వడ్డీ అప్పులిచ్చి సావుకారు బాకీనుంచి విడిపించాలి. ఏటా ఎన్ని పులసలు ఎక్కిందీ రేవు రేవునా లెక్కగట్టి, ఆ లెక్కను ప్రజలకు చెప్పాలి.

ఈ పనులకు కోట్లకు కోట్లు అక్కరలేదు. ఏటి నీటిమీద ఏటికి కూడా హక్కు వుందని ఒప్పుకునే మనసు కావాలి. ప్రభుత్వానికి ఆ మనసు తనంతట తాను రాదు, జనం అడిగితేనే వస్తుంది. డెల్టా రైతు సంఘాలు నీటి సమావేశాలు పెట్టుకున్నప్పుడు పక్క రేవు మత్స్యకారుణ్ణి కూడా పిలవాలి. మత్స్యకార సంఘాలు పూడికమీద వినతిపత్రం ఇచ్చినప్పుడు రైతు కూడా సంతకం పెట్టాలి. నాగలి పట్టిన చేయి, వల పట్టిన చేయి కలిసి తడితే ధవళేశ్వరం గేటు పులసకోసం కూడా లేస్తుంది.